తొలి బోలు కూజా: ఒకే మొద్దును తొలచాలా, రెండు ముక్కలు అతకాలా?

లేతు (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద గిన్నెలు, భరిణెలు తిప్పడం చేతికి వచ్చాక మనసు సన్నమూతి కూజా మీదికి పోతుంది. బయటి రూపం తీయడం కష్టమేమీ కాదు. చిక్కంతా లోపలే, ఉలి మొన కంటికి కనిపించదు. ఇక్కడ లెక్క 90 మి.మీ. వెడల్పు, 120 మి.మీ. ఎత్తు ఉన్న కూజాకు. కర్ర అంకుడు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడేది ఇదే. మెత్తన, తెల్లన, లక్క బాగా పడుతుంది.

ఒకే మొద్దులో తొలచాలంటే పచ్చి కర్ర మేలు, ఉలికి ఇట్టే లొంగుతుంది. మొద్దు కోసేటప్పుడే దవ్వను, అంటే నడిమి మెత్తటి భాగాన్ని, తప్పించండి. అది అడుగులో మిగిలితే బీట అక్కడే మొదలవుతుంది. బయటి రూపం తీశాక 25 మి.మీ. బిట్‌తో మధ్యలో రంధ్రం వేసి, అడుగు మందం 10 మి.మీ. మిగలగానే ఆపండి. తర్వాత వంపు ఉలితో భుజం (మూతి కింది వంపు) లోపలి వైపు పూర్తి మందానికి తెచ్చి, ఆ తర్వాతే కిందికి దిగాలి. ముందే పొట్ట ఖాళీ చేస్తే కింద దన్ను పోయి భుజం అదురుతుంది.

ఉలి పట్టేయడానికి కారణం చాలావరకు దాని మొన ఉన్న ఎత్తే. లోపల తొలిచేటప్పుడు మొన మధ్యరేఖకు రవ్వంత పైన ఉండాలి. అలా ఉంటే, ఉలి కిందికి వంగినా మొన గోడకు దూరంగా ఖాళీలోకి జరుగుతుంది. మధ్యరేఖకు కింద ఉంటే, వంగిన కొద్దీ కర్రలోకి దిగబడి మూతిని చీల్చేస్తుంది. 12 మి.మీ. ఉలి రాడ్డును టూల్ రెస్ట్ (ఉలిని ఆనించే దిమ్మ) దాటించి అవసరానికి మించి ముందుకు చాచకండి. రజను సన్నమూతిలోంచి దానంతట అది బయటికి రాదు. తరచూ మిషన్ ఆపి ఊది తీయాలి, కూరుకుంటే అదే ఉలిని ఇరికిస్తుంది. గోడంతా ఒకే 6 మి.మీ. మందం వచ్చేదాకా ఒకే పూటలో పూర్తి చేసి, కాగితపు సంచిలో పెట్టి నిదానంగా ఆరనివ్వండి. మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే ఆరేటప్పుడు చిట్లుతుంది.

రెండు ముక్కల పద్ధతిలో ఈ కష్టాలు చాలావరకు ఉండవు. పొట్ట వెడల్పుగా ఉన్నచోట మొద్దును కోస్తే రెండు సగాలూ తెరిచిన గిన్నెలే. మందం కాలిపర్‌తో కొలుచుకోవచ్చు, తప్పు కళ్లముందే కనబడుతుంది. అందుకే తొలి కూజాకు ఇదే మేలు. కానీ కర్ర బాగా ఆరి ఉండాలి. పచ్చిదైతే రెండు సగాలూ వేర్వేరుగా కోలగా మారి అతుకు విడిపోతుంది. కోయకముందే మొద్దు పొడవునా పెన్సిల్ గీత గీసుకోండి, అతికేటప్పుడు నార కలపడానికి అదే గుర్తు.

దీని బలహీనత అతుకే. కర్ర కొస ముఖం జిగురును తాగేస్తుంది, కాబట్టి రెండు చదును ముఖాలను ఆనించి అతికితే నిలవదు. కింది సగంలో 4 మి.మీ. లోతు మెట్టు తీసి, పై సగం అందులో బిగువుగా కూర్చునేలా చేయాలి. ముందు నీళ్లు కలిపిన తెల్ల జిగురు ఒక పూత వేసి ఆరనిచ్చి, తర్వాత చిక్కటి జిగురు రాసి, టెయిల్‌స్టాక్‌తో (లేతు రెండో కొసన ఉండే, ముందుకు జరిపే భాగం) నొక్కి 24 గంటలు వదలండి. జిగురు ఎక్కువైతే లోపలికి కారి గడ్డకడుతుంది, సన్నమూతిలోంచి దాన్ని తుడవలేరు.

అతుకు గీత కనిపించకుండా దాని మీదే సన్నని గాడి తీసి, రంగు లక్క పట్టీ వేయవచ్చు. లక్క కర్రను తిరుగుతున్న పాత్రకు ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. అదే వేడికి తెల్ల జిగురు కూడా మెత్తబడుతుంది గనుక అక్కడ గట్టిగా అదమకుండా, ఆపి ఆపి ఆనించాలి. నునుపుకు మొగలి ఆకుతో రుద్దండి.

ఏ పద్ధతిలో చేసినా నీళ్లు పోయకండి, ఎండుపూలకే ఉంచండి. ఒకే మొద్దు వైపు వెళ్లేటప్పుడు మొదట మూతి 40 మి.మీ. వెడల్పుగా, లోతు 80 మి.మీ. దాటకుండా పెట్టుకోండి. సన్నమూతిని ఆ తర్వాతి కూజాలకే ప్రయత్నించండి.