అత్తగారి ఊరు వెతుక్కుంటూ స్కాట్లండ్ చివరిదాకా

మా అత్తగారిది కెనడాలోని ఆంటారియో. పుట్టింటి పేరు మెకై. ఆవిడ పుట్టిన జోర్రా ప్రాంతానికి 1820ల నుంచీ స్కాట్లండ్‌లోని సదర్‌లండ్ వాళ్లు వలస వచ్చారు కాబట్టి అక్కడ ఎటు చూసినా మెకైలే. ఇంట్లో ఉన్న పాత బైబిల్ మొదటి పేజీలో ఆవిడ ముత్తాత తండ్రి పేరు, ఆయన తల్లి పేరు, పక్కన 'ఫార్ పారిష్' అన్న రెండు ముక్కలు. (పారిష్ అంటే ఒక చర్చి కిందికొచ్చే ఊళ్లన్నీ.) అవి పట్టుకుని ఆవిడా, నేనూ, మా ఆయనా తొమ్మిది రోజులు తిరిగాం.

ఆగస్టులో వెళ్లడం మా మొదటి తప్పు. అప్పుడు ఎడిన్‌బరోలో ఫెస్టివల్, పెద్ద కళల పండగ. సూట్‌కేస్ తెరవాలంటే ఒకరు మంచమెక్కాల్సినంత గదికి మిగతా ఊళ్లలో మూడు రాత్రుల డబ్బు పోసాం. పారిష్ రికార్డుల కోసమే అయితే ఏ నవంబర్‌లోనో వెళ్లండి.

రికార్డులు ప్రిన్సెస్ స్ట్రీట్ చివర, జనరల్ రిజిస్టర్ హౌస్‌లోని స్కాట్లండ్స్‌పీపుల్ సెంటర్‌లో చూడొచ్చు. ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేయడం మొదలుపెట్టింది 1855లో. అంతకుముందువి చర్చి పుస్తకాలే. వాటిలో అన్నిటికన్నా పాతది 1553 నాటి ఎర్రోల్ పారిష్‌ది. నిజానికి ఈ పేజీల స్కాన్‌లు వాళ్ల వెబ్‌సైట్‌లోనూ ఉన్నాయి, కాకపోతే పేజీకింత అని కట్టాలి. సెంటర్‌లో రోజు ఫీజు కడితే ఎన్నయినా తెరవొచ్చు. మాలాగా, తమవాళ్లు కాని మెకైలందరినీ కూడా తెరిచి చూసేవాళ్లకు ఇదే చవక.

అక్కడివాళ్లూ మనలాగే తాతల పేర్లు పెట్టుకుంటారు. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఒకే పారిష్‌లో ఒకే పేరున్న డొనాల్డ్ మెకైలు వరసగా వస్తుంటే తల తిరిగిపోతుంది. మమ్మల్ని గట్టెక్కించింది తల్లి పేరు. స్కాట్లండ్ రికార్డుల్లో పెళ్లయినా ఆడవాళ్ల పుట్టింటి పేరు పోదు. బైబిల్లో ఉన్న ఆ పేరుతో వెతికితే మధ్యాహ్నానికి ఒక్క బాప్తిస్మం నమోదు మిగిలింది. మూడే లైన్లు. తండ్రి, ఊరు, తల్లి, బిడ్డ.

ఊరి పేరు నేను 'రోఫ్సల్' అని చదివాను. అరగంట మ్యాప్‌లన్నీ గాలించినా అలాంటి ఊరు లేదు. కౌంటర్‌లో ఉన్నావిడ వచ్చి చూసి, అది 'ఎఫ్' కాదు, పొడుగు 'ఎస్' అంది. రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిదాన్ని అప్పట్లో అలా సాగదీసి రాసేవాళ్లట. ఊరు రోసల్. మా అత్తగారు పెన్సిల్ పక్కన పెట్టి, తెరమీద ఆ అక్షరాన్ని వేలితో తాకబోయి ఆగిపోయారు.

ఇన్వర్‌నెస్‌లోని హైలాండ్ ఆర్కైవ్ సెంటర్‌లో పూట గడిపాం. సిబ్బంది మంచివాళ్లు, చోటు హాయిగా ఉంది, మాకు కొత్తగా దొరికింది మాత్రం శూన్యం. హైలాండ్స్‌లో, అంటే స్కాట్లండ్ ఉత్తరపు కొండ ప్రాంతంలో, చాలా పారిష్‌ల పుస్తకాలు 18వ శతాబ్దం చివర్లో గానీ మొదలవ్వలేదు. ముందు తరం దగ్గర దారి మూసుకుపోయింది. అక్కడే కారు అద్దెకిచ్చినవాళ్లు, నెల ముందు బుక్ చేసిన ఆటోమేటిక్ బదులు గేర్ల బండి చేతిలో పెట్టారు. ఒక్క కారు పట్టే రోడ్డు మీద ఎదురుగా ఏదొచ్చినా మా ఆయనకు టెన్షనే.

ఉత్తర తీరాన బెట్టీహిల్‌లో బసే ఈ ట్రిప్‌లో అన్నిటికన్నా బావుంది. ఇంట్లో రెండు గదులు అద్దెకిచ్చే పెద్దావిడ పొద్దున్నే ఓట్స్ జావ చేసిపెట్టి, మెకైల సంగతులు చెప్పేది. పాత ఫార్ చర్చే ఇప్పుడు స్ట్రాత్‌నేవర్ మ్యూజియం. గొర్రెల పెంపకం కోసం భూస్వాములు స్ట్రాత్‌నేవర్ లోయలో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు, ఆ నోటీసులు ఈ చర్చి వేదిక మీంచే చదివారట. బిడ్డల పేర్లు రాసుకున్న చర్చీ ఇదే మరి.

ఆ లోయలోదే రోసల్. దాన్ని 1814–1818 మధ్య ఖాళీ చేయించారు. అడవి మధ్య పచ్చటి ఖాళీ జాగా, మోకాలెత్తు రాతి గోడల ఆనవాళ్లు, అంతే. ఏ ఇల్లు ఎవరిదో చెప్పే కాగితం లేదు. మిడ్జ్ అనే చిన్న పురుగులు మొహమంతా కుట్టేస్తున్నాయి, వల టోపీ లేకుండా వెళ్లొద్దు. మా అత్తగారు అవేవీ పట్టించుకోకుండా ఒక గోడ మీద గంటసేపు కూర్చున్నారు. ఇదంతా ఇష్టపడే మా ఆయనే ముందు కారెక్కాడు.

తిరుగుదారిలో క్రోయిక్ చర్చి చూశాం. 1845లో గ్లెన్‌కాల్వీ నుంచి గెంటేసిన జనం ఈ చర్చి ఆవరణలో తలదాచుకుని, కిటికీ అద్దాల మీద బయటినుంచి మాటలు గీశారు. వాళ్లు మాట్లాడింది హైలాండ్స్ భాష గేలిక్, గీసింది మాత్రం ఇంగ్లీషులో. అద్దాన్ని వెలుతురుకు అడ్డంగా చూస్తేనే అక్షరాలు కనబడతాయి. టికెట్ లేదు.

మా అత్తగారి పూర్వీకులు ఏ ఓడలో కెనడా వెళ్లారో మాత్రం దొరకలేదు. బ్రిటన్ నుంచి బయల్దేరిన ప్రయాణికుల జాబితాలు వరసగా ఉన్నది 1890 నుంచే. మా వాళ్లు వెళ్లింది అంతకు చాలా ముందు. బైబిల్లో 'ఫార్' పక్కన మా అత్తగారు పెన్సిల్‌తో 'రోసల్' అని రాసి, కింది లైను వదిలేశారు.