నాలుగు చలికాలాల బాదం నూనె

పర్లాకిమిడిలో ధనుర్మాసం వచ్చిందంటే నా పిక్కలు గోటితో గీస్తే తెల్లటి గీత పడేంతగా పొడిబారిపోతాయి. నాలుగు చలికాలాలుగా వాటికి బాదం నూనే రాస్తున్నాను.

మొదటి ఏడాది మోసపోయాను. బజార్లో కొన్న సీసా మీద బాదం బొమ్మ ఇంత పెద్దది. వెనక సన్న అక్షరాల్లో చూస్తే మొదటి పేరే లైట్ లిక్విడ్ పారాఫిన్, అంటే పెట్రోలియం నుంచి తీసే నూనె. అది తలనూనె. పారాఫిన్ చెడ్డదని కాదు, బాదమని చెప్పి డబ్బు తీసుకున్నందుకే నా బాధ. ఇప్పుడు తీపి బాదం నూనె తప్ప ఇంకేదీ కలవని సీసా చూసి, బరంపురం వెళ్ళినప్పుడు తెచ్చుకుంటున్నాను. చేదు బాదం వేరు; ఆ గింజల్లో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది, దాని జోలికి పోకండి.

స్నానం చేసి తువ్వాలుతో అద్దుకున్నాక, ఒంటి మీద చెమ్మ ఆరకముందే రాయాలి. నూనె తేమను ఇవ్వదు, ఉన్న తేమను పోనివ్వదు. నాకైతే రెండు పిక్కలకీ కలిపి ఆరేడు చుక్కలు సరిపోతాయి. వారం తిరిగేసరికి ఆ తెల్ల గీతలు పడడం మానేశాయి.

రాత్రిళ్ళు మా అత్త కాళ్ళకి మర్దన చేసేదీ దీంతోనే. ఆవిడకి ఆముదమంటేనే నమ్మకం. మొదటి రోజు "ఇదేటే, నీళ్ళలాగుంది! దీనికి నొప్పులు లొంగుతాయేటే?" అంది. మోకాళ్ళ నొప్పి నిజంగానే లొంగలేదు, నూనె కీలు లోపలికి పోదు కదా. కానీ మడమ నుంచి పిక్క పైదాకా బొటనవేళ్ళతో నెమ్మదిగా పావుగంట నొక్కితే లాగుడు తగ్గి నిద్రపోతుంది. ఆముదం చిక్కన, చెయ్యి పట్టేస్తుంది. ఇది ఆగకుండా జారుతుంది, దుప్పటికీ అంతగా అంటదు. ఇప్పుడు సీసా ఆవిడే అడిగి తీయిస్తోంది.

మొహానికి మాత్రం మానేశాను. మూడో వారానికే చెంపల మీద మొటిమలు లేచాయి. మడమల పగుళ్ళకి ఇదొక్కటే చాలలేదు. రంగు తేలుతుందన్న మాట నమ్మకండి, నాకే తేడా కనపడలేదు. మా మరిది కూతురికి బాదం తింటే దద్దుర్లు వస్తాయి, అందుకని ఆ పిల్లకి చుక్క కూడా రాయనివ్వను. మీరైనా ముందు మోచేతి మడతలో కాస్త రాసి, ఒక రోజు ఆగి చూడండి.

నిరుడు ఎండాకాలం కిటికీ పక్కన ఉంచిన సగం సీసా ముక్కిపోయింది, అచ్చం పాత వేరుశనగ గుళ్ళ వాసన. పారబోశాను. ఇప్పుడు మూత బిగించి బీరువాలో చీకట్లో పెడుతున్నా. కార్తీకంలో తెరిచిన సీసాలో ఇంకా మూడు వేళ్ళ ఎత్తు నూనె ఉంది, వాసన ఏమీ మారలేదు.