కంపెనీ పెట్టొద్దని చెప్పిన ఆడిటర్ ఆఫీసు: 5కి 4

విజయవాడ ఆటోనగర్‌లో నాదీ మా మరిదిదీ లారీ బాడీలు కట్టే షెడ్డు. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. రెండేళ్ల కిందట ఆడిటర్‌ని మార్చాం. ఈ రివ్యూ కొత్త ఆఫీసు గురించి.

పాతాయన ప్రతి మార్చిలో ఒకటే పాట: "ప్రైవేట్ లిమిటెడ్ చేసేయండమ్మా, పన్ను తగ్గుతుంది." ఆయన మాట తప్పేమీ కాదు. 2019 సెప్టెంబర్ 20న నిర్మలా సీతారామన్ గారు కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22కి తగ్గించారు. మా లాంటి ఫర్మ్‌లకి 30 అలాగే ఉంచారు. పెద్ద కంపెనీ కన్నా మా షెడ్డు ఎక్కువ శాతం కట్టడం ఏం న్యాయమని నాకు ఇప్పటికీ బాధే.

కొత్త ఆడిటర్ గారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. 20 లక్షల లాభానికి సెస్సుతో కలిపి ఫర్మ్ కట్టేది 6,24,000. కంపెనీ అయితే సర్‌చార్జీ, సెస్సు కలిపి 5,03,360.

"లక్షా ఇరవై వేలు మిగులుతుంది కదా సార్?" అన్నాను.

"మిగిలింది షెడ్డులోనే ఉంచుతారా, ఇంటికి తీసుకెళ్తారా?"

రెండిళ్లు గడిచేది దాని మీదే అన్నాను.

"అయితే వద్దమ్మా. కంపెనీ నుంచి డివిడెండ్‌గా, అంటే లాభంలో వాటాగా తీసుకుంటే దాని మీద మళ్లీ మీరు పన్ను కట్టాలి. ఫర్మ్‌లో మీ వాటాకి ఆ బెడద లేదు. పైగా ఏటా ఆర్‌ఓసీకి, అంటే కంపెనీల రిజిస్ట్రార్‌కి, కాగితాలు దాఖలు చేసే ఖర్చు."

కంపెనీగా మారిస్తే ఆయనకే ఫీజు వచ్చేది. అది వదులుకుని చెప్పారు.

తర్వాత ఆదాయపు పన్నులో 80జెజెఎఎ అనే సెక్షన్ గురించి చెప్పారు. నెలకి 25 వేలు మించని జీతంతో కొత్తవాళ్లని అదనంగా పెట్టుకుని, పిఎఫ్‌లో చేర్చి, జీతం బ్యాంకులో వేస్తే, ఆ జీతంలో 30 శాతం మూడేళ్లపాటు పన్ను లెక్కేసే లాభంలోంచి తీసేయొచ్చట. మా దగ్గర 20 మంది లేరు కాబట్టి పిఎఫ్ తప్పనిసరి కాదు, మేమే కోరి చేరాం. ఏప్రిల్‌లో ఇద్దరు వెల్డింగ్ హెల్పర్లని 15 వేల జీతానికి పెట్టుకున్నాం. మాకు పన్నులో ఏడాదికి 33 వేల పైన మిగిలింది. ఆర్డర్లు ఉన్నాయి కాబట్టి మనుషులు ఎలాగూ కావాల్సిందే, కానీ ఈ సెక్షన్ తెలియకపోతే వాళ్లని రోజుకూలీకే పెట్టుకునేవాళ్లం. ఒక అబ్బాయి ఫోన్‌లో పిఎఫ్ మెసేజ్ చూపించి, "అక్కా, ఇది నా పేరు మీదే కదా?" అని రెండుసార్లు అడిగాడు.

కంపెనీలకి ఇచ్చిన ఆ 22 శాతానికి మాత్రం ఉద్యోగాలు ఇవ్వాలన్న షరతు పెట్టలేదు. వేరే మినహాయింపులు వదులుకుంటే చాలు. ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం పోతుందని ప్రభుత్వమే చెప్పింది. పెట్టుబడులు, ఉద్యోగాలు పెరుగుతాయన్నారు. 2024-25 ఆర్థిక సర్వే చూస్తే, 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతం. అంత డబ్బు వదులుకున్నప్పుడు మా షెడ్డుకి పెట్టిన షరతే వాళ్లకీ పెట్టాల్సింది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఫోన్ ఎత్తరు. ఒకటే బ్యాంకు స్టేట్‌మెంట్ జూనియర్లు మూడుసార్లు అడిగారు. గడువు ముందు వారమంతా టెన్షన్. ఆఫీసు మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు.

వెళ్లేవాళ్లు జీతాల రిజిస్టరు కూడా పట్టుకెళ్లండి. సార్ ముందు అదే అడుగుతారు.