అయిదు నవలల ‘టీన్ ప్రెగ్నెన్సీ సెట్’ కొనబోయేవారికి హెచ్చరిక

ఆన్‌లైన్‌లో ‘డైవర్స్ టీన్ ప్రెగ్నెన్సీ నవలలు, అయిదు పుస్తకాల సెట్’ అన్న పేరుతో, ఒక్క అసలు పేపర్‌బ్యాక్ ధరకు కాస్త అటూ ఇటూగా అమ్ముతున్న కట్టను కొనే ఆలోచనలో ఉన్నవారు డబ్బు చెల్లించే ముందు దయచేసి ఇది చదవండి. ఆ కట్టను నేను కొన్నాను. అందులో వచ్చినవి మూడు పైరసీ కాపీలు, నవల పేరు పెట్టుకున్న ఒక పలుచని సారాంశ పుస్తకం, టీనేజీ పాఠకుల కోసం రాయని ఒక పెద్దల నవల. విక్రేత పేరు ఇక్కడ రాయడం లేదు. అలాంటి పేర్లు రోజుకొకటి పుట్టుకొస్తాయి కాబట్టి పేరు తెలియడం వల్ల మీకు కలిగే మేలు కూడా తక్కువే. సరుకును గుర్తుపట్టడం ఎలాగో చెప్పడమే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

ఈ కోవ నవలలతో పరిచయం లేనివారి కోసం రెండు మాటలు. పదహారు, పదిహేడేళ్లకే తల్లులో తండ్రులో అయిన పిల్లల గురించి అమెరికాలో వచ్చిన పాత కథల్లో చాలావాటికి గర్భమే ముగింపు; అమ్మాయి దారి తప్పింది, ఫలితం అనుభవించింది, చదివేవాళ్లు బుద్ధి తెచ్చుకోవాలి అన్న ధోరణిలో అవి నడిచేవి. ఈ శతాబ్దంలో నల్లజాతి రచయిత్రులు, లాటిన్ అమెరికా మూలాలున్న రచయిత్రులు రాసిన నవలలు ఆ ధోరణిని వదిలిపెట్టి, బిడ్డ పుట్టిన తరువాత కూడా బడి, వంట, ఇంటి ఖర్చు, స్నేహాలు, భవిష్యత్తు మీద ఆశ అన్నీ మిగిలే ఉంటాయని చూపించాయి. వీటిలో నాకు నచ్చేదేమిటంటే, వైవిధ్యం అట్ట మీది బొమ్మతో ఆగిపోకుండా వాక్యంలోకి దిగుతుంది: పాత్ర మాట్లాడే ఇంగ్లీషులో, మధ్యలో దొర్లే స్పానిష్‌లో, వండే వంటలో, పెరిగిన వీధిలో, చివరికి కథ చెప్పే వరసలో కూడా అది కనబడుతుంది. అందుకే పైరసీ ఈ పుస్తకాలకు చేసే నష్టం ఇతర నవలలకు చేసే నష్టం కన్నా ఎక్కువ. డిటెక్టివ్ నవల ఎంత మసక ముద్రణలో వచ్చినా హంతకుడెవరో తెలిసిపోతుంది. వీటిలో చెరిగిపోయేది మనం ఏ గుణం కోసం కొన్నామో అదే.

మొదట ఏంజెలా జాన్సన్ రాసిన ‘ద ఫస్ట్ పార్ట్ లాస్ట్’ సంగతి చెబుతాను, ఎందుకంటే అన్నిటికన్నా ఘోరంగా పాడైనది అదే. 2003లో వెలువడి, 2004లో టీనేజీ సాహిత్యానికి ఇచ్చే మైకేల్ ఎల్. ప్రింట్జ్ అవార్డునూ నల్లజాతి రచయితలకు ఇచ్చే కొరెటా స్కాట్ కింగ్ అవార్డునూ అందుకున్న ఈ నవల 130 పేజీలకు కాస్త అటూ ఇటూగా ఉండే చిన్న పుస్తకం. న్యూయార్క్‌లో ఉండే బాబీ అనే పదహారేళ్ల నల్లజాతి కుర్రవాడు ఫెదర్ అనే పసిపాపను పెంచుతూ ఉంటాడు. టీనేజీ గర్భం గురించిన కథను తండ్రి గొంతుతో చెప్పడం అరుదు కనుక ఈ పుస్తకానికి ప్రత్యేకమైన స్థానం ఉంది. కథ వరసగా సాగదు. ‘ఇప్పుడు’, ‘అప్పుడు’ అన్న శీర్షికల కింద అధ్యాయాలు మారుతూ, పాప పుట్టిన తరువాతి రోజులూ పుట్టకముందు రోజులూ ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. బిడ్డ తల్లి నియాకు సంబంధించిన ఒక ప్రశ్నకు జవాబును రచయిత్రి ఈ అమరిక సాయంతోనే చివరి దాకా బిగబట్టి ఉంచుతుంది. నాకు వచ్చిన కాపీలో ఆ శీర్షికలు ఒక్కటీ లేవు. అధ్యాయాలన్నీ ఒకే పొడుగాటి పాఠంలా అంటుకుపోయాయి, మధ్యలో కొన్ని పేజీలు ముందువి వెనకకూ వెనకవి ముందుకూ కుట్టబడ్డాయి. కొత్తగా చదివేవారికి పాప పుట్టిందో, పుట్టబోతున్నదో కూడా అర్థం కాదు. ఆ తికమకను రచయిత్రి శైలి అనుకుని పుస్తకం పక్కన పెట్టేసేవారు ఎంతమంది ఉంటారో అన్నదే నన్ను ఎక్కువగా బాధించిన విషయం.

ఎలిజబెత్ అసెవెడో రాసిన ‘విత్ ద ఫైర్ ఆన్ హై’కి జరిగింది ఇంకో రకం అన్యాయం. 2019లో వచ్చిన ఈ నవలలో ఎమోనీ శాంటియాగో ఫిలడెల్ఫియాలో హైస్కూలు చివరి ఏడు చదువుతూ ఉంటుంది. తండ్రిది ప్యూర్టో రికో, తల్లి నల్లజాతి అమెరికన్. హైస్కూలు మొదటి ఏట గర్భవతి అయి కన్న కూతురిని నాయనమ్మ సాయంతో పెంచుకుంటూ, పాకశాస్త్రం తరగతిలో చేరి స్పెయిన్ దాకా వెళుతుంది. పెద్దావిడ ఒకరు ఇంటిని మోస్తూ, మనవరాలిని తిడుతూనే ఆమె బిడ్డను ఒడిలోకి తీసుకునే ఇల్లు ఎలా ఉంటుందో తెలుగు పాఠకులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. మా ఇంట్లో ఈ పుస్తకాన్ని ఇష్టపడనివారు లేరు. పులుపుతో మొదలై చేదు, తీపి కలిసిన రుచితో ముగిసే మూడు భాగాలుగా నవల నడుస్తుంది. ఒక్కో భాగం ముందు ఎమోనీ తన మాటల్లో చెప్పే వంట విధానం ఒకటి ఉంటుంది. పైరసీ కాపీలో ఆ వంటల పేజీలను పూర్తిగా తీసేశారు. స్కాన్ చేసిన పాఠాన్ని ఎవరూ సరిచూడకుండా అచ్చు వేసినందువల్ల స్పానిష్ మాటల్లో గుర్తులున్న అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగానో చిన్న పెట్టెలుగానో మారిపోయాయి. నాయనమ్మను ఎమోనీ పిలిచే ‘బ్వేలా’ అన్న ముద్దు పిలుపు పేజీకో రూపంలో కనబడుతుంది. కథ తెలుస్తుంది, నిజమే. వంటగది మాత్రం ఖాళీగా ఉంటుంది.

మూడో పుస్తకం ఇసబెల్ కింటెరో రాసిన ‘గాబీ, ఎ గర్ల్ ఇన్ పీసెస్’. కాలిఫోర్నియాలోని ఒక మెక్సికన్ అమెరికన్ అమ్మాయి డైరీ ఇది. టీనేజీ పాఠకుల కోసం రాసిన తొలి పుస్తకానికి ఇచ్చే విలియం సి. మోరిస్ అవార్డును 2015లో పొందింది. ఇందులో గర్భవతి అయ్యేది కథానాయిక కాదు, ఆమె స్నేహితురాలు సిండీ. డైరీ మధ్యలో గాబీ స్వయంగా తయారు చేసిన చేతిరాత చిట్టి పత్రిక, బొమ్మలతో సహా వస్తుంది. నా కాపీలో ఆ పేజీలు నల్లటి మరకలు.

ఇక సారాంశ పుస్తకం. యాంజీ థామస్ 2021లో ప్రచురించిన ‘కాంక్రీట్ రోజ్’ అసలు ప్రతి 350 పేజీలు దాటుతుంది. 1998 నాటి గార్డెన్ హైట్స్ అనే కల్పిత పేటలో, తండ్రి జైలులో ఉండగా ఒక ముఠాలో తిరుగుతూ, అనుకోకుండా మూడు నెలల బిడ్డకు తండ్రినని తెలుసుకునే మావెరిక్ కార్టర్ అనే పదిహేడేళ్ల కుర్రవాడి కథ అది. ఆమె 2017 నాటి నవల ‘ద హేట్ యు గివ్’కు ముందు జరిగిన కథ. నాకు అందిన పుస్తకం వంద పేజీలు కూడా లేదు. అట్ట మీద నవల పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, రచయిత్రి పేరు లేదు, ఒక మూల చీమ తలంత అక్షరాల్లో ‘సారాంశం’ అన్న ముక్క ఉంది. లోపల మావెరిక్ పాఠ్యపుస్తకంలోని అబ్బాయిలా శుద్ధమైన వ్యాకరణంతో మాట్లాడుతూ ప్రవర్తన మార్చుకుంటాడు. అసలు నవలంతా అతని పేట భాషలో, అతని నోటితోనే నడుస్తుందని తెలిసినవారికి ఇది ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో వేరే చెప్పనవసరం లేదు. లిస్టింగ్‌లోని, అంటే ఆన్‌లైన్ అమ్మకపు పేజీలోని, ఫొటోలో మాత్రం అసలు నవల అట్టే ఉంది. సారాంశాలను సారాంశాలుగా అమ్ముకోవడం వేరు, నవలగా చూపించి అంటగట్టడం వేరు.

అయిదో పుస్తకం విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ముఖ్యంగా ఇంట్లో పిల్లల కోసం కొనేవారికి. సఫైర్ 1996లో రాసిన ‘పుష్’ గొప్ప నవల. 2009లో ‘ప్రెషస్’ అన్న సినిమాగా కూడా వచ్చింది. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో, సొంత ఇంట్లోనే దారుణమైన హింసకు గురై, చదవడం రాయడం రాకుండా పెరిగి, రెండోసారి గర్భవతి అయిన పదహారేళ్ల అమ్మాయి కథ అది. అయితే అది పెద్దల కోసం రాసిన పుస్తకం. హింసను దాచకుండా రాస్తుంది. దాన్ని ‘12 ఏళ్లు పైబడినవారికి’ అన్న ముద్రతో కట్టలో పడెయ్యడం నా దృష్టిలో పైరసీ కన్నా పెద్ద తప్పు. కథానాయిక వయసును చూసి పాఠకుల వయసును నిర్ణయించే అమ్మకందారును నమ్మవద్దు. ఇంకో మాట: ఈ ఒక్క పుస్తకంలో మొదటి పేజీ నుంచీ అక్షరదోషాలు కనిపిస్తే ముద్రణ బాగాలేదని వాపసు చెయ్యకండి. కథ చెప్పే ప్రెషస్ అప్పుడే రాయడం నేర్చుకుంటున్నది కనుక ఆ దోషాలు రచయిత్రి కావాలని పెట్టినవి. కట్టలోని అయిదింటిలో దోషాలతో ఉండవలసిన పుస్తకం ఇదొక్కటే.

ఇప్పుడు గుర్తుపట్టే పద్ధతి. వెనక అట్ట మీది బార్‌కోడ్ పైన 978తో మొదలయ్యే 13 అంకెల ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు సంఖ్య, ఉంటుంది. మొదటి అంకెను ఒకటితో, రెండో అంకెను మూడుతో, మూడో అంకెను మళ్లీ ఒకటితో, ఇలా చివరి దాకా మార్చి మార్చి గుణించి కూడితే వచ్చే మొత్తం పదితో శేషం లేకుండా భాగించబడాలి. నా కట్టలోని ఒక పుస్తకం ఈ లెక్కలోనే తప్పింది. మిగిలినవాటిలో రెండు వేరు వేరు నవలల వెనక అక్షరం పొల్లుపోకుండా ఒకే సంఖ్య ఉంది. లెక్క సరిపోయినంత మాత్రాన పుస్తకం అసలుదని కాదు, ఎందుకంటే అసలు సంఖ్యనే అచ్చు వేసుకునే దొంగలూ ఉన్నారు. అందువల్ల ఆ సంఖ్యను ప్రచురణకర్త వెబ్‌సైటులో వెతికి, అక్కడ చూపే పేజీల సంఖ్యతోనూ అట్టతోనూ పోల్చండి. లిస్టింగ్‌లో పేజీల సంఖ్య ఇవ్వకపోతే కొనకండి. కాపీరైట్ పేజీ ఫొటో పంపమని విక్రేతను అడగండి. అసలు పుస్తకం చేతిలో ఉన్నవాడికి అది నిమిషం పని, లేనివాడు మాత్రం మాట దాటవేస్తాడు. నక్షత్రాల రేటింగును చూసి మోసపోకండి, ఎందుకంటే అక్కడ కనిపించే సమీక్షలు చాలాసార్లు ఆ నవలకు చెందిన వేరే ఎడిషన్ గురించో, వేరే విక్రేత అమ్మిన కాపీ గురించో రాసినవి అయి ఉంటాయి.

ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా పైరసీ పుస్తకాలు దొరుకుతాయి కదా అని ఎవరైనా అనవచ్చు. దొరుకుతాయి, అదీ సమర్థించదగినది కాదు. కానీ అక్కడ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, పేజీలు తిరగేసి, కాగితం వాసన చూసి మరీ కొంటాము, అమ్మేవాడు కూడా అది అసలుదని ఒట్టు పెట్టడు. ఇక్కడ ‘ఒరిజినల్, ఇంపోర్టెడ్’ అని రాసి మరీ అమ్మారు.

ఇప్పటికే కొని మోసపోయినవారు కట్ట విప్పుతున్నప్పుడే వీడియో తీసి ఉంటే దాన్ని భద్రపరచండి; లేకపోతే అట్టలు, బార్‌కోడ్‌లు, పాడైన పేజీల ఫొటోలతో పాటు లిస్టింగ్ స్క్రీన్‌షాట్ వెంటనే తీసి పెట్టుకోండి, ఫిర్యాదు వెళ్లగానే లిస్టింగ్ మాయమవుతుంది. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, వస్తువు లోపభూయిష్ఠంగా ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, విక్రేత దాన్ని వెనక్కి తీసుకోవడానికి గానీ డబ్బు తిరిగి ఇవ్వడానికి గానీ నిరాకరించకూడదు. అమ్మకాల వేదికకు చెందిన, ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరు మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలియజేసి, నెల లోపల పరిష్కరించాలి. మీరు లిఖితపూర్వకంగా అడిగితే విక్రేత చిరునామాను కూడా ఆ వేదిక ఇవ్వాలి; ఈ సంగతి చాలామందికి తెలియదు, కస్టమర్ కేర్ వారూ చెప్పరు. నాకు మొదట వచ్చిన జవాబు ‘పుస్తకాలపై రిటర్న్ లేదు’ అన్నదే. పై నియమాన్ని ప్రస్తావిస్తూ రాతపూర్వకంగా అడిగిన తరువాత మాట మారింది. అప్పటికీ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యవచ్చు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు కూడా ఉండదు. ప్రచురణకర్తకు ఒక మెయిలు పంపడం మరిచిపోకండి. పైరసీ మీద కాపీరైట్ చట్టం కింద చర్య తీసుకునే ఆసక్తి మనకన్నా వారికే ఎక్కువ.

నాకు డబ్బు తిరిగి వచ్చింది. లిస్టింగ్ కొద్దికాలం కనబడకుండా పోయి, ఇప్పుడు మరో విక్రేత పేరు మీద, కాస్త పెంచిన ధరతో, అదే ఫొటోతో మళ్లీ వచ్చింది. తెల్లటి నేపథ్యం మీద అయిదు పుస్తకాలు విసనకర్రలా పరిచి ఉంటాయి. ఎడమ నుంచి రెండో పుస్తకం అట్ట మీది అవార్డు పతకం అంచు దగ్గర సగానికి తెగిపోయి ఉంటుంది. ఆ ఫొటో కనిపిస్తే, విక్రేత పేరు ఏదైనా సరే, కొనకండి.