డబ్బు కట్టాక తలుపు తెరుచుకోవాలి కదా: ఒక మెంబర్‌షిప్ ప్లగిన్‌పై రివ్యూ

నేను చదరంగం పాఠాల సైట్ నడుపుతాను. నెలవారీ సభ్యత్వం ఉంది, ఏడాదిదీ ఉంది. సైన్‌అప్, లాగిన్ వ్యవహారమంతా డబ్బు పెట్టి కొన్న ఒక మెంబర్‌షిప్ ప్లగిన్ (సైట్‌కి తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్) చూసుకుంటుంది. కార్డుల నుంచి వసూలు చేసేది స్ట్రైప్. ప్లగిన్ పేరు ఎందుకులెండి.

సైన్‌అప్ ఫారం బాగుంది. ఈమెయిల్, పాస్‌వర్డ్, ప్లాన్, అంతే. పుట్టినరోజు, ‘మా గురించి ఎలా తెలిసింది’ లాంటి ఆరాలేమీ లేవు. కార్డు వివరాలు స్ట్రైప్ సొంత పేజీలోనే తీసుకుంటుంది కాబట్టి ఆ నంబర్లు నా సర్వర్ దాకా రావు. ఆ టెన్షన్ నాకు లేదు.

గొడవంతా డబ్బు కట్టాకే. ‘డబ్బు పోయింది, పాఠాలు తెరుచుకోవట్లేదు’ అని మెయిళ్లు మొదలయ్యాయి. స్ట్రైప్‌లో చూస్తే పేమెంట్ వచ్చేసింది. నా సభ్యుల జాబితాలో మాత్రం ‘పెండింగ్’. సపోర్ట్‌ని అడిగితే కస్టమర్ చేత బ్రౌజర్ కాష్ క్లియర్ చేయించమన్నారు. దానికీ దీనికీ సంబంధమేంటి?

చివరికి నేనే కూర్చుని చూస్తే తెలిసింది: డబ్బు కట్టినవాళ్లు ‘ధన్యవాదాలు’ పేజీకి తిరిగొస్తేనే ఈ ప్లగిన్ ఖాతా తెరుస్తుంది. బ్యాంకు యాప్‌లో ఓకే నొక్కి అక్కడితో ఫోన్ పక్కన పెట్టేసేవాళ్లు ఎంతమంది లేరు! నిజానికి పేమెంట్ పూర్తవగానే స్ట్రైప్ నేరుగా మన సర్వర్‌కే కబురు పంపుతుంది. దాన్నే వెబ్‌హుక్ అంటారు. సర్వర్ పలక్కపోతే 3 రోజుల దాకా మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. ఆ కబురు అందుకునే సౌకర్యం ప్లగిన్‌లో లేకపోలేదు. ‘అడ్వాన్స్‌డ్’ ట్యాబ్ అట్టడుగున, అదీ ఆఫ్‌లో పెట్టారు. ఆన్ చేశాక ఆ మెయిళ్లు ఆగాయి.

రెన్యూవల్ సంగతి కూడా చూసుకోండి. స్ట్రైప్ టెస్ట్ మోడ్‌లో (అసలు డబ్బు కదలకుండా పరీక్షించుకునే చోట) 4000 0000 0000 0341 అనే ఉత్తుత్తి కార్డు ఉంది. ఖాతాకి జతవుతుంది, ఛార్జ్ చేయబోతే ఫెయిలవుతుంది. గడువు తీరిన కార్డుతో ఏం జరుగుతుందో దీంతో ముందే తెలుసుకోవచ్చు. ఈ ప్లగిన్ అయితే మొదటి ఫెయిల్‌కే పాఠాలు మూసేసింది. స్ట్రైప్ ఆ తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుందని కూడా చూడదు. నాలుగు రోజులు గడువిచ్చి, కార్డు మార్చుకోమని ఒక మెయిల్ పంపితే పోయేదేముంది?

రద్దు చేసుకోవడం మాత్రం మర్యాదగా ఉంది. బటన్ ఖాతా పేజీలోనే కనిపిస్తుంది, నొక్కినా కట్టిన గడువు ముగిసేదాకా పాఠాలు చూడొచ్చు.

రీఫండ్ దగ్గర మళ్లీ పాత కథే. స్ట్రైప్‌లో డబ్బు వెనక్కి ఇచ్చినా ప్లగిన్‌కి ఆ సంగతి తెలియదు, సభ్యత్వాన్ని మనమే వెళ్లి తీసేయాలి. డబ్బు వెనక్కి తీసుకున్న ఒకాయన ఎండ్‌గేమ్ పాఠాలన్నీ తీరిగ్గా పూర్తి చేశాడు. 5కి 3 స్టార్లు ఇస్తున్నాను, అదీ ఫారం బాగుంది కాబట్టి.