మారిషస్‌లో 1810 జాడలు చూడాలంటే మాయెబూర్‌లో దిగండి

మారిషస్ అనగానే మనవాళ్లు ఉత్తరాన గ్రాండ్ బే దగ్గర రిసార్ట్ బుక్ చేసేస్తారు. బీచ్ కోసమే వెళ్లేవాళ్లకు అది బాగానే ఉంటుంది. ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఈ దీవి 1810లో బ్రిటిష్‌వాళ్లకు ఎలా చిక్కిందో ఆ నేల మీద నిలబడి తెలుసుకోవాలంటే మాత్రం ఆగ్నేయ తీరంలోని మాయెబూర్‌లో దిగాలి. మేం రెండు చోట్లా ఉండి చూశాక చెబుతున్న మాట ఇది.

విమానాశ్రయం నుంచి మాయెబూర్‌కు పావుగంట కూడా పట్టదు. పెద్ద హోటళ్లు తక్కువ, ఇంటివాళ్లే నడిపే గెస్ట్‌హౌస్‌లు ఎక్కువ. మాకు దొరికిన గదిలో ఏసీ పాతది, వేడినీళ్లు ఆలస్యంగా వచ్చేవి. కానీ శుభ్రంగా ఉంది, సముద్రం నడిచి వెళ్లేంత దగ్గర, అద్దె గ్రాండ్ బేలో ఇచ్చినదానిలో సగం లోపే. శాకాహారులకు తిండి టెన్షన్ అక్కర్లేదు. పప్పుపొడి కూరి చేసిన ధోల్‌పూరీ, మన మసాలా వడలాంటి గాతో పిమాఁ వీధి బళ్ల మీదే వేడివేడిగా దొరుకుతాయి. సోమవారం పెద్ద సంత జరుగుతుంది, ఆ రోజు ఊళ్లో ఉండేలా చూసుకోండి.

ఊరి చివరనున్న నేషనల్ హిస్టరీ మ్యూజియానికి సగం పూట కేటాయించాలి. అది ఫ్రెంచి కాలం నాటి రెండంతస్తుల బంగ్లా. 1810 ఆగస్టులో ఎదురుగా ఉన్న అఖాతంలో గ్రాండ్ పోర్ట్ యుద్ధం జరిగింది. అఖాతం నోటి దగ్గరున్న ఇల్ ద లా పాస్ అనే చిన్న దీవి కోటను బ్రిటిష్‌వాళ్లు ముందే పట్టుకుని, ఫ్రెంచి జెండానే ఎగరేసి ఉంచారు. తమవాళ్లే అనుకుని ఫ్రెంచి ఓడలు లోపలికి వచ్చాయి. ఆ తర్వాత బ్రిటిష్‌వాళ్లు దాడికి దిగితే వాళ్ల సిరియస్, మజిసియెన్ ఓడలు పగడపు దిబ్బల మీదెక్కి కదల్లేకపోయాయి. చివరికి వాళ్ల నావికులే వాటిని తగలబెట్టుకున్నారు. నెరీడ్ ఓడలో చావు తప్పినవాళ్లూ చాలామంది గాయపడ్డారు. గెలుపు ఫ్రెంచివాళ్లది, పారిస్ విజయతోరణం మీద గ్రాండ్ పోర్ట్ పేరు చెక్కి ఉన్నది ఇందుకే. ముఖానికి గాయమైన ఫ్రెంచి నాయకుడు దుపెర్రేకీ, కన్ను పోయిన బ్రిటిష్ కెప్టెన్ విలోబీకీ ఈ బంగ్లాలోనే చికిత్స చేశారు. మునిగిన మజిసియెన్ నుంచి పైకి తీసిన వస్తువులు లోపల ఉన్నాయి. 1744లో మునిగిన సెంట్ జెరాఁ ఓడ గంట కూడా ఇక్కడే ఉంది. దాని ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

మ్యూజియం తర్వాత పాయింట్ దే రెగాత్ అనే తీరానికి నడిచి వెళ్లండి. రెండు పక్షాల మృతులకూ కలిపి అక్కడ స్మారకస్తంభం నిలబెట్టారు. ఎదురుగా అఖాతం మొత్తం కనిపిస్తుంది, ఎవరు ఎటునుంచి వచ్చారో ఇట్టే అర్థమవుతుంది. పడవవాళ్లతో మాత్రం జాగ్రత్త. ఇల్ ద లా పాస్ మీద దింపుతామని మాట ఇచ్చిన ఒకతను దూరంనుంచి చూపించి వెనక్కి తిప్పేశాడు, డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు. దిగే అనుమతి ఉందో లేదో ముందే అడిగి, ఒప్పుకున్నదంతా కాగితం మీద రాయించుకోండి. నదికి అవతల విల్ నువార్‌లో 1870 నుంచి నడుస్తున్న కర్రపెండలం బిస్కెట్ల కార్ఖానా చూడదగ్గది. పొయ్యి కింద ఎండిన చెరకు ఆకులు మండుతుంటే, వేడి పెనం మీద అచ్చుల్లోని పిండిని ఆడవాళ్లు చేత్తో సర్దుతారు. ఆఖర్న టీతో రుచి చూపిస్తారు.

ఫ్రెంచివాళ్ల ఆనందం మూడు నెలలే నిలిచింది. ఈ దీవినుంచి బయలుదేరే ఫ్రెంచి ప్రైవేటీర్లు, అంటే ప్రభుత్వ అనుమతితో శత్రువుల ఓడల్ని దోచుకునే ప్రైవేటు ఓడలవాళ్లు, ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడల్ని దోచేవాళ్లు. 1800లో వాళ్లలో ఒకడైన సుర్కూఫ్ బంగాళాఖాతంలోనే కెంట్ అనే పెద్ద ఓడను పట్టుకున్నాడు. ఈ బెడద వదిలించుకోవాలని బ్రిటిష్‌వాళ్లు మద్రాసు, బొంబాయి, కలకత్తాల నుంచి సైన్యాన్ని పోగేశారు. 1810 నవంబర్ 29న జనరల్ అబర్‌క్రాంబీ సేనలు ఉత్తర తీరంలో, గ్రాండ్ బే, కాప్ మాలెరూ ప్రాంతంలో దిగాయి. దిబ్బల వల్ల అక్కడ ఓడలు రాలేవని ఫ్రెంచివాళ్ల నమ్మకం. బ్రిటిష్‌వాళ్లు ముందే లోతులు కొలిచి దారి కనిపెట్టారు. డిసెంబర్ 3న గవర్నర్ డెకాయెన్ లొంగిపోయాడు. 1746లో మద్రాసును పట్టుకున్న మాయే ద లా బూర్డొనే ఈ దీవి ఫ్రెంచి గవర్నరే. మాయెబూర్‌కు ఆయన పేరే పెట్టారు. అదే మద్రాసు నుంచి వచ్చిన సిపాయిలు 64 ఏళ్ల తర్వాత ఇక్కడ అడుగుపెట్టారు.

కాప్ మాలెరూలో ఎర్ర కప్పు చర్చి ముందు ఫోటోల కోసం జనం విరగబడతారు, యుద్ధం గురించి తెలుసుకోవడానికి మాత్రం పెద్దగా ఏమీ దొరకదు. చుట్టుపక్కల హోటళ్లలో అడిగితే మాకు ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. గంట చాలు.

రాజధాని పోర్ట్ లూయీకి ఒక రోజంతా పెట్టుకోండి. మాయెబూర్ నుంచి బస్సు నెమ్మదిగా వెళ్తుంది, ఛార్జీ తక్కువ. సాయంత్రం బస్సులు తొందరగా ఆగిపోతాయి కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందే బయలుదేరాలి. 1810 లొంగుబాటు షరతుల్లో దీవి జనం మతానికీ, చట్టాలకూ, ఆచారాలకూ, ఆస్తులకూ రక్షణ ఉంది. ఈ రోజుకీ కార్లు ఇంగ్లిష్ పద్ధతిలో ఎడమవైపు నడుస్తూ, మాట ఫ్రెంచిలోనూ, ఫ్రెంచి నుంచి పుట్టిన స్థానిక భాష క్రియోల్‌లోనూ సాగడం అందువల్లే. ఆస్తుల్లో బానిసలు కూడా లెక్కే కాబట్టి వాళ్ల విడుదల 1835 దాకా ఆగింది. ఆ కాలంలో బ్రిటిష్‌వాళ్లు కట్టిన సిటడెల్ కోట ఎక్కితే 1812 నాటి షాన్ ద మార్స్ గుర్రప్పందేల మైదానం, రేవు, కొండలు అన్నీ కనిపిస్తాయి. కోటలో వివరాల బోర్డులు తక్కువ, చూపు మాత్రం అద్భుతం.

దిగువన ఆప్రవాసి ఘాట్. బానిసత్వం పోయాక చెరకు తోటల పనికి భారతదేశం నుంచి లక్షలమంది ఇక్కడ దిగారు. వాళ్లలో కోరంగి రేవు నుంచి వచ్చిన మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఇప్పటికీ వాళ్ల వారసులు సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు. దీవి ఫ్రెంచివాళ్ల దగ్గరే ఉండిపోయి ఉంటే ఇంతమంది తెలుగువాళ్లు ఇక్కడికి చేరేవాళ్లా అన్న ప్రశ్న ఆ రాతి మెట్ల దగ్గర నన్ను వదల్లేదు. అక్కడి గైడ్ ఓపిగ్గా, ఇంగ్లిష్‌లో చక్కగా చెప్పింది. మా ప్రయాణంలో దొరికిన అన్ని సేవల్లోకీ అదే మేలైనది. రోజు చివర్లో హడావిడిగా కాకుండా, పొద్దున్నే సిటడెల్ కన్నా ముందు అక్కడికే వెళ్లండి.