తుంటి ఆపరేషన్‌కి రాడ్డు కొంటున్నారా? వార్డు బయట ఎవరికీ డబ్బులు కట్టకండి

సంక్రాంతికి ముందు మా అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వయసు 74. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం, పేరు చెప్పను. విరిగింది తొడ ఎముక మెడ దగ్గర కాదని, ఇంకాస్త కింద ఇంటర్ ట్రోకాంటర్ అనే చోటని డాక్టరుగారు ఎక్స్‌రేలో చూపించారు. తుంటి కీలులోని బాల్ మార్చక్కర్లేదు, పీఎఫ్ఎన్ అనే రాడ్డు వేసి స్క్రూలు బిగిస్తే చాలన్నారు. అంతవరకు బాగానే ఉంది.

ఆ రాత్రి ఎనిమిదింటికి వార్డు బయట ఒక కుర్రాడు తగులుకున్నాడు. ఇంప్లాంట్ కంపెనీ తరఫున వచ్చానని ఫోన్‌లో మూడు రేట్లు చూపించాడు. "స్టీలు వేస్తే రేపు ఎమ్మారై తీయడానికి కుదరదు సార్. ఇంపోర్టెడ్ టైటానియం లాంగ్ నెయిల్, అంటే పొడవు రాడ్డు వేయిద్దాం, అమ్మగారికి లైఫ్‌టైమ్ గ్యారంటీ" అన్నాడు. గ్యారంటీ అన్నప్పుడే నాకు బుర్ర వెలగాల్సింది, అదేమన్నా మిక్సీనా? లోపల అమ్మ మూలుగుతోంది, పొద్దున్నే ఆపరేషన్. ఆ టెన్షన్‌లో 58 వేలు యూపీఐలో కొట్టేశాను. 'ఇంప్లాంట్ 58,000' అని ఒక చిత్తుకాగితం చేతిలో పెట్టాడు. కంపెనీ పేరు లేదు, జీఎస్టీ నంబరూ లేదు.

ఆరు వారాల తర్వాత ఎక్స్‌రే తీసుకెళ్లి, తెలిసిన ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించాం. "ఇది షార్ట్ నెయిలండీ, తొడ మధ్యలోనే ఆగింది. లాంగ్ అయితే మోకాలి దగ్గరిదాకా ఉండేది" అన్నారు. అమ్మకు షార్ట్ సరిపోతుందట, ఎముక కూడా చక్కగా అతుకుతోందట. అంటే ఆపరేషన్ సరిగ్గానే జరిగింది, డబ్బే వేరేదానికి కట్టాం. ఎమ్మారై భయం కూడా ఉత్తదేనట. ఇంప్లాంట్లకు వాడే 316ఎల్ స్టీలును అయస్కాంతం లాక్కోదు. ముందే చెప్పి స్కాన్ తీయించుకోవచ్చు, కాకపోతే రాడ్డు చుట్టూ బొమ్మ కాస్త చెడుతుంది.

స్టిక్కర్ ఏదని కూడా ఆయన అడిగారు. కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉండే ఆ స్టిక్కర్‌ను కేస్ షీట్‌లో అంటించాలట. రేపెప్పుడైనా రాడ్డు తీయాల్సి వస్తే అది ఏ కంపెనీదో తెలియాలి, దాని పనిముట్లే దానికి పడతాయి. మా ఫైల్లో ఆ చోట నీలం పెన్నుతో 'పీఎఫ్ఎన్ డన్' అని రాసుంది, అంతే.

ఇంకో పొరపాటు కూడా చేశాను. 2017లో మోకాలి ఇంప్లాంట్లకు ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టింది కదా, రాడ్డుకూ ఉంటుందిలే అనుకున్నాను. ఆ ఆర్డరు మోకాళ్లకే.

మీ ఇంట్లో ఇలాంటిది వస్తే ఏ రకం వేస్తున్నారో, ఎందుకో సర్జన్‌నే అడగండి. డబ్బు ఆసుపత్రి కౌంటర్‌లోనే కట్టి బిల్లు తీసుకోండి. స్టిక్కర్ ఫోటో కావాలని ఆపరేషన్‌కు ముందే చెప్పండి. బేరాల పేరుతో ఆపరేషన్ మాత్రం వాయిదా వేయకండి, పెద్దవాళ్లు మంచానపడితే ఒక్కో రోజూ నష్టమే.

ఆసుపత్రికి వెళ్లి అడిగితే "మీరు బయట కొన్నారు, మాకేం సంబంధం?" అన్నారు. ఆ కుర్రాడి ఫోన్ స్విచాఫ్. యూపీఐ స్క్రీన్‌షాట్ మిగిలింది, అందులో ఉన్నది కూడా కంపెనీ పేరు కాదు, ఎవరో మనిషి పేరు.